గుట్ట మీద కురిసిన వాన

పొద్దున నడిచి దాటిన వాగు సాయంత్రానికి మనిషిని నిలబడనివ్వలేదు.

2023 జూలై 26, బుధవారం. ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవుల్లో ముత్యాలధార జలపాతం చూసి తిరుగుముఖం పట్టిన సుమారు ఎనభై మంది వాగు ఒడ్డున ఆగిపోయారు. అవతలి ఒడ్డున ఊరికి పోయే బాట ఉంది. ఆ బాట పట్టుకుంటే తారు రోడ్డు, ఆ రోడ్డు పట్టుకుంటే ఇల్లు. మధ్యలో ఎర్రటి నీళ్లు ఆకులనూ కొమ్మలనూ తోసుకుంటూ పోతున్నాయి. ముందున్నవాళ్లలో ఎవరో ఒకరు కర్ర గుచ్చి లోతు చూసి ఉంటారు. ఎవరో ఒకరు, కాసేపట్లో తగ్గుతుందిలే అని ఉంటారు. వాన మాత్రం తగ్గలేదు. అడవిలో పొద్దు తొందరగా గుంకుతుంది. గుట్టల నీడలో ఇంకా తొందరగా.

వాళ్లు చేసింది ఎవరూ చేయని పని కాదు. వానాకాలం వచ్చిందంటే హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వాళ్లకు ములుగు దారి పట్టడం అలవాటు. ఒక్క రోజులో చెరువు, అడవి, గోదావరి, జలపాతం అన్నీ చూసి రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరొచ్చు. తెలంగాణలో ఇంత నిండైన ఒక్కరోజు ప్రయాణం మరొకటి లేదని నేను నమ్ముతాను. ఆ వారం వానల వల్ల బడులకు సెలవులిచ్చారు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ప్రకటించింది. కానీ పట్నంలో ఉన్నవాడికి రెడ్ అలర్ట్ ఫోన్‌లో కనబడే ఒక రంగు మాత్రమే. అది ఏ గుట్ట మీద, ఏ వాగులో, ఎన్ని గంటలకు నీళ్లవుతుందో ఆ రంగు చెప్పదు.

ఆ దారి తెలియకపోతే ఆ రాత్రి అర్థం కాదు. అందుకే వాగుల్లో ఇసుక తేలిన పుష్యమాసంలో నేనూ అటే బయలుదేరాను.

ములుగు దాటాక జాతీయ రహదారి నుంచి పక్కకు తిరిగితే పాలంపేట. రామప్ప గుడి చూసినవాళ్లలో చాలామంది చెరువు దాకా పోరు. గుడి ఎంత ముఖ్యమో చెరువూ అంతే ముఖ్యం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడిని నిలబెట్టాడు. చెరువూ ఆయన కాలానిదే. ఊరు, గుడి, చెరువు కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. గుట్టలు దగ్గరగా వచ్చే చోటు చూసి మధ్యలో కట్ట పోస్తే మిగిలిన పని గుట్టలే చేసిపెడతాయి. కట్ట మీద నిలబడి చూస్తే ఆ ఎంపిక ఎంత గొప్పదో తెలుస్తుంది. మూడు దిక్కులా అడవి గుట్టలు, మధ్యలో దాదాపు మూడు టీఎంసీల నీళ్లు పట్టే జాగా. పొలాలకు నీళ్లొదలడానికి తూము, నిండాక మిగులు నీళ్లు పోవడానికి మత్తడి. గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు మాటల్లో ఇసుక పునాది గురించీ, నీళ్ల మీద తేలే ఇటుకల గురించీ అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఈ కట్టే పెద్ద అద్భుతంగా కనబడింది. ఎందుకో చెబుతాను.

రామప్ప ఉన్న మండలం పేరు వెంకటాపూర్. గోదావరి అవతల జలపాతం ఉన్నది వెంకటాపురం. ఒకటి ఇవతల, ఒకటి అవతల. ఈ ఇవతలి వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేట ఉంది. 2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడి వానమానిలో ఇరవై నాలుగు గంటల లెక్క తీస్తే 649.8 మిల్లీమీటర్లు తేలింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందు నమోదు కాలేదు. పాత రికార్డు 517.5 మిల్లీమీటర్లు, అదీ ఇదే దారిలో గోదావరి అవతల వాజేడులో, 2013 జూలై 19న పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే వానలో సగానికి చాలా ఎక్కువ ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ కురిసింది. పడ్డ నీరు పడ్డచోటే నిలిచిపోతే మోకాళ్లు దాటి పైకి వచ్చేది. అంత వాన మీద పడ్డా ఎనిమిది వందల ఏళ్ల నాటి రామప్ప కట్ట నిలబడింది. నిండిన నీటిని ఎటు పంపాలో కట్టినవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు.

వాగుకు ఎవరూ మత్తడి కట్టలేదు.

ఆ బుధవారం పొద్దున రామప్ప కట్ట మీద ఫొటోలు దిగి ముందుకు కదిలినవాళ్లు ఉండే ఉంటారు. చినుకులు పడుతుంటే చెరువు మరీ అందంగా ఉంటుంది. నీళ్ల మీద పొగలా ముసురు, కట్ట పొడుగునా తడిసిన చెట్లు. అక్కడ వానను చూసి భయపడాలని ఎవరికీ తోచదు. మళ్లీ రహదారికి వచ్చి పస్రా దాటితే తాడ్వాయి అడవి మొదలవుతుంది. టేకు, నల్లమద్ది, ఇప్ప, వెదురు. ఇది ఏటూరునాగారం అభయారణ్యం. రోడ్డు మీదికి రెండు పక్కల నుంచీ కొమ్మలు వంగి ఉంటాయి.

ఒక చోట మాత్రం నా కారు నెమ్మదించాల్సి వచ్చింది. తాడ్వాయి నుంచి మేడారం పోయే దారిలో అడవి మధ్య ఉన్నట్టుండి ఆకాశం తెరుచుకుంది. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలి ఈ అడవిలో యాభై వేల దాకా చెట్లను కూల్చేసింది. మానులు వేళ్లతో సహా లేచి పడ్డాయి. నాలుగు రోజులకే, సెప్టెంబర్ 4న, ఇక్కడే 5.3 తీవ్రతతో భూమి కంపించింది. సుడిగాలి, భూకంపం, దానికి ముందటేడు వరద. ఇంత తక్కువ కాలంలో ఇన్ని చూసిన అడవి మన దగ్గర ఇంకొకటి ఉందా అనిపించింది.

మేడారం పక్కన పారే వాగు జంపన్న వాగు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సైన్యంతో పోరాడి, ఓడిపోయి, శత్రువుకు చిక్కడం ఇష్టం లేక సంపెంగ వాగులో దూకాడనీ, ఆనాటి నుంచీ అది జంపన్న వాగయిందనీ కథ. కరువులో కప్పం కట్టలేమన్న కోయదొరల మీదికి సైన్యం వచ్చిందని ఆ కథలోనే ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతరకు వచ్చే లక్షల మంది ముందు ఈ వాగులో మునిగి, తర్వాతే గద్దెల దగ్గరికి పోతారు. నేను వెళ్లిన రోజు పిల్లలు ఇసుకలో చెలిమె తవ్వుకుంటున్నారు. వాగు ఒక పక్కన సన్నగా జారుతోంది. ఇదే వాగు కింద ఏటూరునాగారం మండలంలోకి దిగి, దొడ్ల, మల్యాల, కొండాయి పక్క నుంచి పోతుంది. ఆ ఊళ్ల సంగతి తర్వాత వస్తుంది.

ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి. వంతెన మీద కారు ఆపకుండా పోగలిగినవాళ్లు తక్కువ. శీతాకాలంలోనే అవతలి ఒడ్డు దూరంగా ఉంటుంది, ఇసుక తిన్నెల మధ్య నీళ్లు పాయలు పాయలుగా విడిపోయి కనబడతాయి. జూలైలో తిన్నెలు ఉండవు. ఈ వంతెన లేని రోజుల్లో వాజేడు, వెంకటాపురం వాళ్లు ఇవతలికి రావాలంటే పడవ ఎక్కాలి, లేదంటే భద్రాచలం మీదుగా చుట్టూ తిరగాలి. ఈ నేల చరిత్ర కూడా అలాగే చుట్టూ తిరిగింది. పాత కాగితాల్లో ఇది నూగూరు తాలూకా, తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిసింది. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగులోకి వచ్చింది. ఊరు కదలకుండానే జిల్లాలు మారాయి. ఆసుపత్రి దూరం, కలెక్టరాఫీసు దూరం మాత్రం ప్రతిసారీ మనుషులే కొలుచుకోవాల్సి వచ్చింది.

వెంకటాపురంలో కారు వదిలి ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అతను వీరభద్రవరం పక్క ఊరివాడు. ముత్యాలధార అనగానే నా వైపు ఒకసారి చూశాడు.

"ఇప్పుడు నీళ్లు ఉండయి సార్. సన్నగ కారుతది అంతే."

"నీళ్ల కోసం కాదు తమ్ముడూ. వాగు చూద్దామని."

అతను ఇంకేమీ అడగలేదు. ఊరు దాటాక బండ్లబాట, అదీ పోయాక కాలిబాట. ఎండాకులు కాళ్ల కింద చప్పుడు చేస్తున్నాయి. వాగు చాలాసార్లు ఎదురొచ్చింది. అది ఒక్కటే వాగనీ, మెలికలు తిరుగుతూ బాటకు అడ్డం పడుతుందనీ నాకు కొంతసేపటికి గానీ అర్థం కాలేదు. అంటే ఎండాకాలంలో ఒకటిగా కనబడే దారి, వాన పడితే ముక్కలు ముక్కలవుతుంది. రెండు దాటింపుల మధ్య ఇరుక్కున్నవాడికి ముందుకూ వెనక్కూ నీళ్లే.

"మీకు ఎట్లా తెలుస్తుంది, వాగు వచ్చేది?"

"ముందు రంగు మారుతది. తేటగున్న నీళ్లు ఎర్రగైతయి. తర్వాత ఆకులు, పుల్లలు వస్తయి. అవి కనబడ్డయంటే ఇంక దాటొద్దు సార్. గుట్ట మీద ఎంత పడ్డదో ఇక్కడున్న మనకు ఎట్ల తెలుస్తది? ఇక్కడ ఎండ కొడుతున్నా సరే, వాగు వస్తది."

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పొడుగునా నిలబడ్డ ఈ గుట్టలు ఇసుకరాతివి. ఇదే మండలంలోని ఆలుబాక పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతిని పిలుస్తారు. పైన బల్లపరుపుగా విశాలమైన బండ, అంచున నిలువుగా తెగిన గోడ. ఆ గోడ మీది నుంచి పడేదే జలపాతం. బండ మీద మట్టి పలచన. వాన పెద్దదైతే ఇంకడానికి చోటు లేక నీళ్లన్నీ అంచుకు పరుగెత్తుతాయి. పైన విశాలమైన జాగాలో పడ్డ వాన అంతా కింద ఒకే ఇరుకు వాగులోకి రావాలి. చల్లగా మెడ మీద పడే తుంపర, బండ సందుల్లో నిలిచిన తేట నీళ్లు, ఇవన్నీ ఆ పై వాన పంపిన మొదటి నీళ్లు. జలపాతం ఎంత బలంగా, ఎంత అందంగా ఉంటే వెనక్కి దారి అంత తొందరగా మూసుకుపోతున్నట్టు లెక్క. చూడటానికి వెళ్లినవాడు తల పైకెత్తి చూస్తాడు. ఆ సమయంలో అతని వెనక వాగు పెరుగుతుంటుంది.

స్థానికులు ఈ ధార ఎత్తు ఏడు వందల అడుగులంటారు. నేను వెళ్లేసరికి రాతిగోడ మీద తడి చారలు మిగిలాయి, అక్కడక్కడా నీళ్లు చుక్కలుగా రాలుతున్నాయి. అయినా ఆ గోడ కింద నిలబడితే వానాకాలంలో ఇక్కడికి జనం ఎందుకొస్తారో తెలిసింది. వచ్చినవాళ్లను తప్పుబట్టాలన్న కోరిక కూడా అక్కడే పోయింది. ఇంత దగ్గరలో ఇంత గొప్పది ఉంటే మనిషి రాకుండా ఎట్లా ఉంటాడు?

ఇక ఆ సాయంత్రం. ఒడ్డున ఆగినవాళ్లలో కొందరి ఫోన్లకు సిగ్నల్ అందడమే వాళ్ల అదృష్టం. 100కు ఫోన్ వెళ్లింది. జిల్లా పోలీసులు వాళ్లతో మాట్లాడారు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దు, నీటికి దూరంగా ఎత్తైన చోటికి వెళ్లండి, అందరూ కలిసి ఉండండి, ఫోన్ ఛార్జింగ్ కాపాడుకోండి. ఆ రాత్రి ప్రాణాలు నిలిపింది ఈ నాలుగు మాటలేనని నాకనిపిస్తుంది. దాటేద్దాం అన్న ఒక్కడి తొందర చాలు, చేతులు పట్టుకుని వాగులో దిగిన గొలుసంతా కొట్టుకుపోవడానికి. నడుము లోతు నీళ్లయినా అంత వేగంలో కాళ్లు నేల మీద ఆగవు. అడుగున నున్నటి గుండ్రాళ్లు. పైనుంచి కొట్టుకొచ్చే దుంగ ఎప్పుడు తగులుతుందో చీకట్లో కనబడదు.

వాళ్లు ఆగారు. కుండపోత వానలో, చీకట్లో, ఎనభై మంది గంటల తరబడి ఆగడమంటే ఏమిటో ఊహించండి. గొడుగు పనికిరాదు. కూర్చుంటే జలగలు, నిలబడితే వణుకు. ఆ రాత్రి ఒకరిని తేలు కుట్టింది, ప్రాణాపాయం తప్పింది. వర్షం చప్పుడూ వాగు చప్పుడూ కలిసిపోతే పక్క మనిషి మాట కూడా అరిస్తే తప్ప వినబడదు. ఇళ్లలో వాళ్లకు టీవీల్లో వార్త అప్పటికే చేరింది. ఫోన్ చేస్తే ఛార్జింగ్ పోతుంది, చేయకపోతే ఊపిరి ఆడదు.

ఇవతలి నుంచి పోలీసులు, జాతీయ విపత్తు స్పందన దళం వాళ్లు రాత్రే బయలుదేరారు. ఆ దారి నేను పగటి వెలుగులో, పొడి నేల మీద నడిచాను. రాత్రి, ఆ వానలో, తాళ్లు, లైఫ్ జాకెట్లు మోసుకుంటూ, ఏ అడుగు బాట మీద పడుతుందో ఏది వాగులో పడుతుందో తెలియకుండా నడిచినవాళ్ల గురించి తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. వరద వాగును మనుషులతో దాటించే పని ఒక్కసారిగా జరిగేది కాదు. ముందు ఒకడు తాడుతో అవతలికి పోవాలి. తాడు చెట్టుకు బిగించాలి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పట్టుకుని దాటించాలి. ఎనభై సార్లు అదే జాగ్రత్త, ఎనభయ్యో మనిషి దగ్గర కూడా మొదటి మనిషి దగ్గర ఉన్నంత జాగ్రత్త. గురువారం తెల్లవారేసరికి అందరూ బయటపడ్డారు. దేశమంతా ఆ వార్త చదివి ఊపిరి పీల్చుకుంది.

నేను ఈ కథ ఇక్కడ ఆపలేను. అదే వాన గోదావరి ఇవతల ఆగకుండా కురుస్తోంది. లక్ష్మీదేవిపేట వానమానిలో నీళ్లు నిండుతున్న గంటలవే. గురువారం తెల్లవారేలోగా భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మీదికి మోరంచ వాగు వచ్చిపడింది. జనం డాబాల మీదికీ చెట్ల మీదికీ ఎక్కారు. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జంపన్న వాగు కొండాయి మీదికి వచ్చింది. అక్కడ ఎనిమిది మంది కొట్టుకుపోయారు. ఎవరూ బతకలేదు. మరి కొద్ది రోజుల్లో ఈ వాగులన్నింటి నీళ్లూ తీసుకున్న గోదావరి భద్రాచలం దగ్గర 53 అడుగుల మూడో ప్రమాద హెచ్చరికను దాటింది.

కొండాయి వాళ్లు జలపాతం చూడటానికి పోలేదు. వాగులో దిగలేదు. వాళ్లు ఉన్నది వాళ్ల ఊళ్లో. ఎత్తైన చోటికి పొండి అని ముందే చెప్పే గొంతు వాళ్లకు సమయానికి చేరలేదన్నదే నన్ను బాధపెట్టే విషయం. గుట్ట మీద వానమాని ఉండి, వాగు పైభాగంలో నీటిమట్టం చూసే మనిషో యంత్రమో ఉండి, కింది ఊరికి ఒక గంట ముందు మైకులో మాట వినబడితే చాలు. పెద్ద డ్యాముల కింద సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. చిన్న వాగు కింద ఉన్న ఊరికి ఎందుకు ఉండకూడదు? గోదావరి పెరగడానికి రోజులు పడుతుంది, భద్రాచలం గేజీని చూసి లంక ఊళ్లు ఖాళీ చేయిస్తారు. వాగు పెరగడానికి గంటలు చాలు. హెచ్చరిక ఎక్కువ అవసరమైనది ఆ చిన్నదానికే.

తిరుగు ప్రయాణంలో ఆటో అతను వీరభద్రవరం దాకా వచ్చాక చెప్పాడు, వానాకాలంలో బయటివాళ్లు ఎంత ఇస్తామన్నా తాను ఈ బాటన తీసుకుపోనని. వేరేవాళ్లు తీసుకుపోతే ఏం చేస్తావని అడిగాను. "మబ్బు గుట్ట మీద ఎట్లున్నదో చూపిస్త సార్. చూసినంక కూడ పోతమంటే, వాళ్ల నంబరు రాసి పెట్టుకుంట" అన్నాడు. అతని ఫోన్‌లో అలాంటి నంబర్లు నిజంగానే ఉన్నాయి. ఎవరో చెప్పిన పద్ధతి కాదు, అతను పెట్టుకున్నదే.

ఏటూరునాగారం వచ్చేసరికి పొద్దు వాలింది. కొండాయి మలుపు దగ్గర ఆగాను. ఈ ఊరికి ఇంకో ప్రతిష్ఠ ఉంది. మేడారం జాతరలో కొలిచే దేవతల్లో సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు, గోవిందరాజు వచ్చేది ఈ కొండాయి నుంచే. వరద వచ్చిన ఏడు నెలలకు, 2024 ఫిబ్రవరిలో, జాతర జరిగింది. ఆ ఫిబ్రవరి 21న గోవిందరాజును తీసుకుని కొండాయి వాళ్లు మేడారం గద్దెకు చేర్చారు, ప్రతి జాతరకూ చేర్చినట్టే.